ఆదివారం ఫోను

మిరపకాయలు కోసిన చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకోకూడదు. పొరపాటున పెట్టుకుంటే చెవీ చెంపా కన్నూ అన్నీ మండిపోతాయి. ఎన్నిసార్లు సబ్బు రాసి కడిగినా ఆ మంట ఒకపట్టాన వదలదు. అందుకని కోసిగి వైపు ఊళ్ల నుంచి గుంటూరు దిక్కు కోతలకు వలసపోయే కూలీలు ఒక పద్ధతి కనిపెట్టారు. ఈ వలసనే వాళ్లు సుగ్గికి పోవడం అంటారు. ఆదివారం మధ్యాహ్నం తిండి తిన్నాక ఫోనును కాయల బస్తా మీద వెల్లకిలా పెట్టి, చూపుడు వేలి గోరుతో స్పీకరు నొక్కి, చుట్టూ కూర్చుంటారు. ఊళ్లో ఉన్న ముసలివాళ్లు చెప్పే ప్రతి మాటా చుట్టూ ఉన్న ముప్పైమందీ వింటారు. ఎవరి బర్రె ఈనింది, ఎవరి గోడ కూలింది, ఎవరి పిల్ల బడి ఎగ్గొట్టింది, అన్నీ అందరికీ తెలిసిపోతాయి. అక్కడ దాపరికమనేది లేదు.

ఈ సంగతి మద్దమ్మకు మొదటినుంచీ తెలుసు. తెలిసీ నోరు కట్టుకోలేకపోయింది. ఆమె దుఃఖమంతా అదే.

మద్దమ్మకు వీరభద్ర ఒక్కడే కొడుకు. వీరభద్రకు శివజ్యోతి ఒక్కతే కూతురు. సంక్రాంతి దాటగానే ఊరంతా లారీ ఎక్కుతుంది, చంకలో పిల్లలతో సహా. ఐదేళ్ల పిల్ల కూడా కాయలు ఆరబోసే కల్లంలో కూర్చుని పనికిరాని తాలుకాయ ఏరుతుంది కదా, వాళ్లను వదిలిపోవడం దేనికని అందరి లెక్క. వీరభద్ర మాత్రం ఒప్పుకోలేదు. "నా బిడ్డ చేతికి మిరప మంట తగలకూడదు. అది సదువుకోవాల," అని జ్యోతిని ఒకటో తరగతిలో వేసి, తల్లి దగ్గర వదిలి, భార్య భీమమ్మను తీసుకుని లారీ ఎక్కాడు. లారీ మీద కూడా అదే మాట పదిమందికీ చెప్పాడు. చెప్పుకోకుండా ఉండాల్సింది. పాపం, సంతోషం ఆపుకోలేకపోయాడు.

ఆ ఏడాది మొదటి ఆదివారం ఫోను వచ్చింది. ముసలామెకు ఫోనులో మాట్లాడటానికి ఏముంటుంది? తిన్నావా అంటే తిన్నా అంది. కాళ్లనొప్పులు ఎట్లున్నాయంటే అట్లే ఉన్నాయంది. ఇంకా ఏదో ఒకటి చెప్పాలి, లేకపోతే కొడుకు పెట్టేస్తాడు, మళ్లీ వారందాకా ఆ గొంతు వినపడదు.

"పాప బాగుందా మా?"

"ఏం బాగులే నాయనా! బెల్లం డబ్బా అంతా ఊడ్చి పెట్టింది. అడిగితే పిల్లి తినిందంట. పిల్లి యాడన్నా బెల్లం తింటాదా?"

నవ్వించడానికే చెప్పింది. నవ్వు వచ్చింది కూడా, ముప్పైమందిదీ ఒకేసారి. ఆ నవ్వుల్లోంచి మేస్త్రీ దేవేంద్రప్ప గొంతు వినిపించింది. "ఏమప్పా వీరభద్రా, కూతుర్ని కలెక్టరును చేస్తానంటివే, దొంగ అయ్యేలెక్క ఉండాదే!" మళ్లీ నవ్వు. అందులో వీరభద్ర నవ్వు లేదు. "రానీ మా. వస్తానే చూస్తా," అన్నాడు.

ఉగాదికి లారీ వచ్చింది. ఆరేళ్ల జ్యోతి వీధి చివరి దాకా చేతులు చాచి పరుగెత్తింది. వీరభద్ర భుజం మీది బస్తా దించకుండానే కూతురి చెంప మీద రెండు ఇచ్చాడు. మూడు నెలల కిందట తిన్న బెల్లానికి. ఆ పిల్ల బెల్లం సంగతి ఎప్పుడో మరిచిపోయింది. దెబ్బ దేనికో తెలియక, ఏడవడం కూడా మరిచి, తండ్రి మొహం వైపు అట్లాగే చూస్తూ నిలబడిపోయింది. చూస్తున్న మద్దమ్మ పిల్లను తన కొంగు చాటుకు లాక్కుంది. అయినా, తండ్రి అన్నాక ఆ మాత్రం భయం పెట్టడా అని సర్దుకుంది.

మరుసటి ఏడాది లారీ వస్తే జ్యోతి పరుగెత్తలేదు. గాదె వెనక దాక్కుంది. మూడు నెలలు బిడ్డ కోసం మొహం వాచిపోయి వచ్చినవాడికి అది గుచ్చుకుంది. "కన్నతండ్రిని చూసి దాక్కుంటావా?" అని బయటికి లాగి కొట్టాడు. కొట్టాడు కనక ఆ పిల్ల అబద్ధాలు నేర్చింది. అబద్ధాలాడింది కనక ఇంకా కొట్టాడు. మూడో ఏడు పుస్తకాలు చించింది, బడిలో పక్కపిల్లను కొరికింది, చెప్పిన పని చెయ్యనని మొండికేసింది. ప్రతి ఆదివారం మద్దమ్మ ఫోనులో చెప్పేది, ప్రతిసారీ వీరభద్ర "గుర్తు పెట్టుకో మా, వచ్చినాక చూస్తా" అనేవాడు. మద్దమ్మకు మాటలు దొరికేవి, కొడుకు ఎక్కువసేపు మాట్లాడేవాడు. చెడ్డమాట అయినా సరే, ఆ గొంతు కాసేపు ఎక్కువ వినపడేది కదా. ఈ లాభం సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, తనతో తాను కూడా అనుకోలేదు.

ఫోను మాట్లాడుతున్నంతసేపూ జ్యోతి గుమ్మానికి ఆనుకుని కాలి బొటనవేలితో నేల గీకుతూ వింటూ ఉండేది.

నాలుగో ఏడు కథ వేరుగా మొదలైంది. జ్యోతి నాలుగో తరగతికి వచ్చింది. గురుకులం బడిలో ఐదో తరగతి సీటు కోసం ఏప్రిల్లో పరీక్ష ఉంటుందని, సీటు వస్తే పన్నెండో తరగతి దాకా తిండీ బట్టా చదువూ అన్నీ అక్కడేనని ప్రేమమ్మ టీచరు చెప్పింది. వీరభద్ర ఆ మాట విని సుగ్గికి పోయేముందు రెండుసార్లు బడికి వెళ్లి అడిగి వచ్చాడు. వేలిముద్ర వేసే మనిషి, దరఖాస్తు కాగితం వైపు ఎంతసేపు చూశాడో! ఆ కాగితం మీద ఆ పిల్ల ఫొటో ఉంది.

ఫిబ్రవరిలో ఒకరోజు ప్రేమమ్మ టీచరు ఇంటికి వచ్చింది. మంచం మీద కూర్చోమంటే కూర్చోకుండా, "మద్దమ్మా, ఒక మాట అడుగుతా. ఆదివారం మీ ఇంట్లో ఏం జరుగుతుంది?" అంది.

"ఏం జరుగుతాదమ్మా? కొడుకు ఫోను చేస్తాడు. మాట్లాడ్తా."

"సోమవారం వస్తే ఈ పిల్ల ఎవరినో ఒకరిని కొడుతోంది. మంగళవారం తగ్గుతుంది. శుక్రవారానికి మంచి పిల్ల. నెల రోజుల నుంచి చూస్తున్నా, ఒక్క సోమవారం కూడా తప్పలేదు. నువ్వు ఫోనులో ఏం చెబుతావు?"

 టీచరు కోప్పడకుండానే చెప్పింది. "దానికి తెలివి ఉంది. సీటు కొడుతుంది. ఈ రెండు నెలలూ ఫోనులో ఏమీ చెప్పొద్దు. ఏం చేసినా నాతో చెప్పు, నేను చూసుకుంటా."

ఆ ఆదివారం ఫోను రాగానే వీరభద్ర అలవాటుగా, "ఏం చేసింది ఈ వారం?" అన్నాడు. మద్దమ్మ గొంతు సవరించుకుంది. "ఏమీ చేయలా నాయనా. బంగారంలెక్క ఉండాది. సదువుకుంటాంది."

గుమ్మం దగ్గర నేల గీకుతున్న బొటనవేలు ఆగిపోయింది. జ్యోతి తలెత్తి అవ్వ వైపు చూసింది, నమ్మలేనట్టు. అంతకు రెండు రోజుల ముందే నీళ్లకుండ పగలగొట్టి ఉంది మరి. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే కొత్త బిందె తీసుకుని కుళాయి దగ్గరికి పోయింది. సగం ఒలకబోసుకుంటూ తెచ్చి, మద్దమ్మ ముందు పెట్టి, ఏమీ అనకుండా పుస్తకం తీసుకుంది.

నాలుగు ఆదివారాలు అట్లా జరిగాయి. మద్దమ్మ తన జన్మలో అంత మంచి రోజులు చూడలేదంటే అబద్ధం కాదు. పిల్ల లెక్కలు చేస్తూ అవ్వకు అప్పజెప్పేది. అవ్వకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, అయినా తల ఊపేది. "అవ్వా, నువ్వు తప్పు చెప్పినా ఊపుతాండావు!" అని జ్యోతి పడీపడీ నవ్వేది. ఆ పిల్ల పళ్లన్నీ కనపడేలా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో మద్దమ్మకు గుర్తు రాలేదు.

మార్చి చివర్లో పక్కింటి చిన్న ఈరన్నతో తగాదా వచ్చింది. వాడూ తొమ్మిదేళ్లవాడే. ఆ ఏడాది వాణ్ని కూడా అవ్వ దగ్గర వదిలి, వాడి తల్లి ఓబులమ్మ అదే కల్లంలో కూలి చేస్తోంది. వీధిలో ఆడుకుంటూ వాడు, "ఏమే బెల్లం దొంగా! మీ నాయన వస్తానే నీ ఈపు పగులుతాదంట, మాయమ్మ ఫోన్లో చెప్పింది," అన్నాడు. జ్యోతి చేతికందిన రాయి విసిరింది. వాడి నుదురు చిట్లింది. ఆర్‌ఎంపీ డాక్టరు మూడు కుట్లు వేశాడు.

మద్దమ్మ ఆ నెత్తురు చూసింది. పిల్లవాడి గతి ఏమౌతుందోనన్న భయం ఒకవైపు. ఈ సంగతి కొడుకు చెవిన పడితే ఏం కానున్నదోనన్న భయం ఇంకోవైపు. రెండు భయాలూ కలిసి కోపమైపోయాయి. జ్యోతి రెక్క పట్టుకుని ఇంట్లోకి ఈడ్చుకొచ్చి, ఆ ఒక్క మాటా అనేసింది.

"మీ నాయనైతే ఏడాదికొకసారి కొడ్తాడు. ఆ హాస్టల్లో దినామూ కొడ్తారు, తెలుసునా? చెప్పిన మాట ఇనకపోతే మిరప్పొగ పెడ్తారు. పోతావుగా, పో! అప్పుడు తెలుస్తాది నీకు."

జ్యోతి బెదిరిపోయి అవ్వ మొహంలోకి చూసింది. "దినామూనా?" అని అడిగింది. "దినామూ," అంది మద్దమ్మ. కోపం చల్లారాక ఆ మాట సంగతే మరిచిపోయింది. పెద్దవాళ్లకు అట్లాంటి మాటలు నోట్లోంచి పడితే పోయినట్టే.

ఆదివారం ఫోను వచ్చింది. మద్దమ్మ ధైర్యం కూడగట్టుకుని, "పాప బంగారంలెక్క..." అనబోయింది. ఫోనులోంచి ఓబులమ్మ గొంతు ఇంతెత్తున లేచింది.

"ఏం బంగారం మద్దమ్మత్తా! నా కొడుకు తలకాయ పగలగొట్టిన బంగారమా? మూడు కుట్లు పడినాయంట! మా అత్త చెప్పకపోతే నాకు తెలియనే తెలియదు!"

తరువాత ఎవరేమన్నారో మద్దమ్మకు సరిగా వినపడలేదు. నవ్వులు మాత్రం లేవు. చివరికి కొడుకు గొంతు, చాలా నెమ్మదిగా, "నువ్వు కూడా నాతో అబద్ధం చెప్పినావా మా?" అంది. ఫోను ఆగిపోయింది.

పరీక్షకు ముందురోజు శనివారం మధ్యాహ్నం వీరభద్ర ఒక్కడే మూడు బస్సులు మారి వచ్చాడు. చేతిలో ఒక సంచి ఉంది. అందులో కూతురికి కొత్త గౌను, రెండు పెన్నులు, రాసుకునే అట్ట, అడుగున ఇంటికని పట్టుకొచ్చిన ఎండుమిరపకాయలు. గౌను తీసి మంచం మీద పరిచాడు. మడతలు చేత్తో సర్దాడు. ఆ తరువాత కూతుర్ని ఎదురుగా నిలబెట్టుకున్నాడు.

"రాయి ఎందుకు ఏసినావు?"

"నేను ఏయలా."

"నిజం చెప్పు. కొట్టను. ఎందుకేసినావు?"

"నేను ఏయలా."

మూడోసారి అడిగాడు. ఈ ఒక్కసారి నిజంగానే కొట్టేవాడు కాదేమో. వాడు నన్ను దొంగ అన్నాడు నాయనా అని ఆ పిల్ల అని ఉంటే, అదే మాటకు కల్లంలో తలదించుకున్న మనిషి, తప్పకుండా అర్థం చేసుకునేవాడు. కానీ నిజం చెప్పినా దెబ్బలు తప్పవని ఆ పిల్లకు నాలుగేళ్లుగా నేర్పింది ఆయనే. "నేను ఏయలా," అని మూడోసారీ అంది.

వీరభద్ర సంచిలోంచి నాలుగు మిరపకాయలు తీశాడు. పొయ్యిలో నిప్పులు ఇంకా ఉన్నాయి.

మద్దమ్మ అడ్డం వచ్చింది. "వద్దురా వీరా. రేపు పరీచ్చ ఉండాది. నీకు దండం పెడ్తా."

"నువ్వు నాకు పెట్టలేదా మా? ఇదే పొయ్యి కాడ? నేనేమన్నా సచ్చినానా?"

నిజమే. పెట్టింది. వీరభద్రకు పదేళ్లప్పుడు, బడి ఎగ్గొట్టి బావిలో ఈతకు పోయాడని పెట్టింది. భర్త పోయిన ఇంట్లో మగపిల్లవాడు చెడిపోతాడేమోనన్న భయంతో పెట్టింది.  అడ్డం వచ్చిన మనిషి గుమ్మం దాకా వెనక్కి జరిగింది.

నిప్పుల మీద కాయలు చిటపటమన్నాయి. ఆయన పిల్ల తల వంచి పైన దుప్పటి కప్పాడు. జ్యోతి అరవలేదు, దగ్గింది. దగ్గుతూనే ఉంది. ఇల్లంతా ఘాటు కమ్మి మద్దమ్మకూ ఊపిరాడలేదు. బహుశా నిమిషం కూడా కాలేదు, ఆయనే దుప్పటి తీసి పారేశాడు. కూతుర్ని ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తి, చన్నీళ్లతో మొహం కడిగాడు, మజ్జిగ తెచ్చి కళ్లకు అద్దాడు.  అన్నం కలిపి తానే తినిపించాడు. ఆ పిల్ల ఎర్రబడ్డ కళ్లు మూసుకుని పెట్టిన ప్రతి ముద్దా తిన్నది.

"నీ మంచికే తల్లీ. రేపు బాగా రాయాల. సీటు వస్తే ఈ మిరప బాధ నీకు ఉండదు," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే కొత్త గౌను వేసి ఆదోని తీసుకుపోయాడు. పరీక్ష రెండు గంటలు. ఆ రెండు గంటలూ నీడ చూసుకోకుండా గేటు ఎదురుగానే నిలబడ్డాడు. జ్యోతి బయటికి వచ్చి, "బాగా రాసినా నాయనా," అంది. పుల్ల ఐసు కొనిపెట్టి, బస్టాండు దాకా చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఇంటికి రాగానే తల్లితో, "చూసినావా మా, ఎట్ల దారికొచ్చిందో," అన్నాడు. ఆ మొహంలో అంత వెలుగు చూసి మద్దమ్మ కూడా, పోనీలే, ఏదో ఒకటి, బాగుపడింది కదా అనుకుంది.

మే నెలలో ప్రేమమ్మ టీచరు వచ్చింది. ఈసారి మంచం మీద కూర్చుంది.

"సీటు రాలేదు మద్దమ్మా. మార్కులు సున్నా."

"సున్నా అంటే?"

"ఒక్కటీ రాయలేదు. నాలుగు జవాబులిచ్చి సరైనదాని మీద గుండ్రం దిద్దమంటారు. ఏమీ రానివాళ్లు గుడ్డిగా దిద్దినా పదో పదిహేనో వస్తాయి. సున్నా వచ్చిందంటే ఆ పిల్ల రెండు గంటలూ పెన్ను ముట్టకుండా కూర్చుందన్నమాట."

టీచరు వెళ్లిపోయాక మద్దమ్మ మనవరాలిని ఒడిలోకి లాక్కుంది. పేలు చూస్తున్నట్టు జుట్టు పాయలు తీస్తూ, మెల్లగా అడిగింది. "ఏమిటికి తల్లీ రాయలేదు? నీకు వచ్చు కదా?"

"అన్నీ వచ్చునవ్వా."

"మరి?"

"రాస్తే సీటొస్తాది కదా. సీటొస్తే హాస్టల్లో ఏస్తారు. ఆడ దినామూ మిరప్పొగ పెడ్తారని నువ్వే అంటివి."

మద్దమ్మ చేతులు జుట్టులోనే ఆగిపోయాయి. తిడదామంటే తిట్టదగ్గవాళ్లు అక్కడ తాను తప్ప ఎవరూ లేరు. పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, చప్పుడు కాకుండా చాలాసేపు ఏడ్చింది. జ్యోతి ఏమీ తెలియనట్టు కొంగు అంచు పట్టుకుని ఆడుకుంది.

వీరభద్రకు సున్నా సంగతి టీచరే చెప్పింది. ఈసారి చంపేస్తాడని మద్దమ్మ, భీమమ్మ ఇద్దరూ పిల్లను మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ఇంట్లోకి వచ్చి, చొక్కా విప్పి, నీళ్లు తాగాడు. గోడ పక్కన పడి ఉన్న బడిసంచి తీసి పై మేకుకు తగిలించాడు, జ్యోతికి అందనంత ఎత్తున. కూతుర్ని ఒక్క మాట అనలేదు. ఆ రోజునుంచి ఆయన చెయ్యి మళ్లీ లేవలేదు. ఆశ ఉన్నన్నాళ్లూ కొట్టాడు, ఆశ పోయాక మానేశాడు. దెబ్బలు లేని ఆ ఇంట్లో మద్దమ్మకు మాత్రం ఊపిరాడలేదు.

తప్పు నాది అని చెప్పాలని ఆమె ఎన్నిసార్లు అనుకుందో! జొన్న విత్తనాలు వేసినప్పుడు అనుకుంది, పీర్ల పండుగకు అనుకుంది, దసరాకు అనుకుంది. కొడుకు ఎదుట కూర్చునేసరికి వాన సంగతో పంట సంగతో ఎత్తుకునేది. ఈ ముసలితనంలో వాడు నన్ను కూడా అట్లాగే మాట్లాడకుండా వదిలేస్తే? ఆ భయం ఆమెను పిరికిదాన్ని చేసింది.

సంక్రాంతి దాటింది. లారీ వచ్చింది. ఈసారి శివజ్యోతి కూడా తల్లి పక్కన, దుప్పట్ల మూట మీద ఎక్కి కూర్చుంది. ఏడుస్తుందేమోనని మద్దమ్మ భయపడింది కానీ ఆ పిల్ల ఏడవలేదు. ఊరు విడిచి పోవడం సరదాగానే ఉన్నట్టుంది. లారీ కదలబోతుంటే కిందికి వంగి, "అవ్వా, ఇంక నువ్వు ఫోన్లో చెప్పేకి ఏమీ ఉండదులే," అంది. ఎత్తిపొడుపు లేదు అందులో. అవ్వకు ఒక పని తగ్గిందని చెప్పినట్టే చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగింది. మద్దమ్మ గుమ్మం వైపు చూసింది. బొటనవేలితో గీకి గీకి జ్యోతి చేసిన చిన్న గుంట అక్కడే ఉంది. అలుకుతో పూడ్చడానికి ఆమెకు చేతులు రాలేదు.

"మా, బాగుండావా? తిన్నావా?"

"తింటి నాయనా. వీరా, ఆ ఫోను చెవికాడ పెట్టుకో. నీకొక్కనికే చెప్పాల."

"మిరప చేతులు మా. యాడ పెట్టుకునేది? చెప్పు, ఏమైంది?"

చుట్టూ ముప్పైమంది ఉన్నారని ఆమెకు తెలుసు. దేవేంద్రప్ప ఉన్నాడు, ఓబులమ్మ ఉంది. నాలుగేళ్లు ఆ ముప్పైమంది చెవుల్లో మనవరాలి తప్పులు పోసింది కదా, తన తప్పుకు మాత్రం చాటు కోరుకోవడం ఏం న్యాయం? కళ్లు మూసుకుని చెప్పేసింది.

"ఈ వారం తప్పు చేసింది నేనురా. పోయినేడు చేసినా, ఇంతదాకా దాచినా. హాస్టల్లో దినామూ మిరప్పొగ పెడ్తారని బిడ్డను బెదిరించింది నేనే. ఆ భయానికే అది పరీచ్చ రాయలా. దానికి అన్నీ వచ్చు. అది మొద్దు కాదు, దొంగ కాదు. నీకూ నేనే చేసినా. నేను పొగ పెట్టిన మర్నాడే నువ్వు బడి మానేస్తివి. అప్పట్నించీ నాకు తెలుసురా, తెలియనట్లుంటి."

 అవతల కాయలు గోతాల్లోకి తొక్కే చప్పుడు ఆగిపోయింది. ఎవరో ముక్కు చీదారు. ఫోను ఆగిపోయిందేమోనని మద్దమ్మ రెండుసార్లు చెవి నుంచి తీసి చూసుకుంది.

ఆ తరువాత వీరభద్ర గొంతు వచ్చింది. కోపం లేదు అందులో. అలసట తప్ప ఏమీ లేదు. "ఇప్పుడు చెప్తే ఏమొస్తాది మా?"

"వాపసు తోలెయ్యి నాయనా దాన్ని. బడి ఉండాది కదా. మళ్లీ పంపిద్దాం. టీచరమ్మను నేను అడుగుతా."

"చూద్దాంలే," అన్నాడు. ఆ 'చూద్దాం' ఆమెకు తెలిసిందే. వర్షం గురించి అడిగినా ఆయన అట్లాగే అంటాడు.

"పాపకొక మాట ఇయ్యి."

బస్తా దగ్గరికి చిన్న అడుగులు వచ్చాయి. దగ్గు వినిపించింది. కల్లంలో అందరూ దగ్గుతారు, కొత్తేమీ కాదు.

"అవ్వా!" జ్యోతి గొంతు హుషారుగా ఉంది. "నేను శానా బాగ కోస్తాండానంట. పెద్దోళ్లతో సమానమని మేస్త్రీ అన్నాడు. నాయన కూడా మెచ్చుకున్నాడవ్వా. ఇప్పుడు అస్సలు కొట్టడు."

మద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తరువాత కొంగు తీసి, "చేతులు మండుతాండాయా తల్లీ?" అని అడిగింది.

"మొదట్లో మండినాయవ్వా," అంది ఆ పిల్ల. "ఇప్పుడేం తెలియడం ల్యా."